టన్నాలో పేటన్ తొలి ఇల్లు: మిషనరీ చరిత్రలో వదిలేసిన ఒక కారణం

స్కాట్లండ్ మిషనరీ జాన్ జి. పేటన్ నేటి వనువాటులోని టన్నా దీవిలో గడిపిన తొలి నెలల గురించి మనవాళ్ళ రాతలన్నీ ఒకే మూసలో ఉంటాయి. నరమాంస భక్షకుల నడుమ ఒంటరి ధీరుడు, తన చేతులతోనే తవ్వుకున్న భార్య సమాధి, ఆపైన దైవచిత్తం. సండేస్కూలు పుస్తకాలు అలా రాస్తే తప్పు పట్టను, వాటి పని అది. పరిశోధన పేరుతో వచ్చినవి కూడా అదే దారి పట్టడమే నా అభ్యంతరం. మిషనరీ ఆత్మకథల మీద ఆమధ్య అచ్చయిన ఒక వ్యాసం (కర్త పేరు ఎందుకు, వాదం చాలు) పేటన్ కష్టాలన్నిటికీ టన్నా మనుషుల స్వభావమే కారణమని ఒక్క పేరాలో తేల్చేసింది. ఆత్మకథలో పేటన్ చెప్పిన తీర్పును ఎత్తి రాశారే గాని, పేటన్ చెప్పిన వివరాలను చదవలేదు. ఆ వివరాలు తీర్పుకు ఎదురు తిరుగుతాయి.

ముందు తేదీలు చూద్దాం. పేటన్, కొత్తగా పెళ్ళయిన మేరీ ఆన్ రాబ్సన్ 1858 ఏప్రిల్ 16న స్కాట్లండ్‌లో ఓడ ఎక్కారు. ఆగస్టు 30న అనైట్యుం దీవి చేరారు. నవంబరు 5న టన్నా తూర్పు తీరంలోని పోర్ట్ రిజల్యూషన్‌లో కాపురం పెట్టారు. 1859 ఫిబ్రవరి 12న కొడుకు పుట్టాడు. మార్చి 3న తల్లి పోయింది, 20న బిడ్డ పోయాడు. ఈ నాలుగున్నర నెలల్లో వాళ్ళ మీద ఎవరూ గండ్రగొడ్డలి ఎత్తలేదని నేననను. కానీ ఆ ఇద్దరినీ తీసుకుపోయింది గొడ్డలి కాదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ దీవుల్లో ఉక్క, వానలు, జ్వరాలు. సరిగ్గా ఆ కాలం మొదట్లోనే, అందులోనూ గర్భిణిని, సముద్రపు ఒడ్డున పల్లంలో దించారు. మలేరియా గర్భిణుల మీద ఎంత కఠినంగా ఉంటుందో మన ఏజెన్సీ ఊళ్ళలో పనిచేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది.

ఇక ఇల్లు. నా వాదమంతా దీని మీదే. 1842లో వచ్చి మరుసటి ఏడే పారిపోవలసి వచ్చిన మిషనరీలు టర్నర్, నిస్బెట్‌లు ఎంచుకున్న చోటే కొత్తవాళ్ళకూ అనువుగా తోచింది. కారణం తెలిసిందే: రేవు దగ్గర, పడవ దించుకోవడం తేలిక, సామాను మోత తక్కువ. కానీ వెనక కొండ ఉండడంతో గాలి ఆడదు. దగ్గర్లోనే ఉడుకునీటి ఊటలు, చుట్టూ తేమ. ఒడ్డుకు మరీ దగ్గరగా కట్టి పొరపడ్డామని తర్వాత పేటనే ఒప్పుకున్నాడు. అయితే ఆయన కాలానికి తెలిసింది చెడు గాలే జ్వరాలకు మూలమనే విషవాయువు సిద్ధాంతం మాత్రమే. అసలు దోషి అయిన దోమను పట్టుకోవడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది, అదీ మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టులో, రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద.

టన్నా వాళ్ళకు సూక్ష్మదర్శిని అక్కర్లేకపోయింది. జ్వరంతో మంచం పట్టిన పేటన్‌ను చూడవచ్చిన ఒక నాయకుడు, ఇంత పల్లంలో మావాళ్ళెవరూ పడుకోరు, పడుకుంటే మేమూ చస్తాం, గుట్ట మీదికి పో, అక్కడ గాలి తగులుతుంది అని సలహా ఇచ్చాడు. ఈ ఒక్క సంఘటన చాలు, సహజ క్రూరత్వం అనే మాట కొట్టేయడానికి. చంపాలనుకున్నవాడు గాలి ఎటు వీస్తుందో చెప్పడు, ఊరుకుంటే పనైపోయేది. పద్నాలుగుసార్లు జ్వరం తిరగబెట్టాక పేటన్ ఆ సలహా విన్నాడు. గుట్ట ఎక్కబోయి దారిలో కూలబడితే మోసుకెళ్ళి, నీళ్ళు పట్టి, కొబ్బరాకుల నీడ వేసి బతికించింది అనైట్యుం నుంచి వచ్చిన ఉపదేశి అబ్రహాం, అతని భార్య. కొత్త ఇంటి పనిలో ఎక్కువ భాగం వాళ్ళదే. మన వ్యాసకర్తకు మాత్రం అబ్రహాం ‘నమ్మకమైన సేవకుడు’గానే కనిపించాడు. తెలుగు మిషన్ల చరిత్రలో ఉపదేశులకూ, బైబిలు స్త్రీలకూ పట్టిన గతే ఇది కనుక నాకు ఆశ్చర్యం లేదు.

మేరీకి చివర్లో నిమోనియా లక్షణాలు కనిపించాయని పేటన్ రాశాడు, నిజమే. అది ముగింపు, మొదలు మాత్రం చలిజ్వరం.

దీన్ని ఒక కుటుంబం విషాదంగా వదిలేయకూడదు. పసిఫిక్ పటంలో వనువాటుకు తూర్పున మలేరియా దోమ లేదు. కీటక శాస్త్రజ్ఞుడు బక్స్‌టన్ పేరుతో పిలిచే గీత అక్కడే పోతుంది. సమోవా, టోంగా, ఫిజీ ఒక వైపు, టన్నా ఇంకో వైపు. 1839లో మిషనరీ జాన్ విలియమ్స్ టన్నాలో దించిన సమోవా ఉపదేశులకు ఈ జ్వరం పుట్టి ఎరగనిది. ఆ తర్వాత అక్కడికి పంపిన పాలినీషియా వాళ్ళు వరసగా జబ్బుపడ్డారు, కొందరు పోయారు. అబ్రహాం పుట్టిన అనైట్యుం మాత్రం గీతకు పడమట, జ్వరాల దీవి. చిన్నప్పుడే తట్టుకున్న ఒళ్ళు అతనిది. గీతకు తూర్పున మిషన్లు ఎందుకు త్వరగా వేళ్ళూనుకున్నాయో, పడమట ఎందుకు తలకిందులయ్యాయో చెప్పడానికి మనుషుల స్వభావం కంటే ఈ గీతే ఎక్కువ పనికొస్తుంది. 1861లో ఓడల మీద వచ్చిన తట్టు పేటన్ బృందంలోని అనైట్యుం వాళ్ళను కూడా పదమూడు మందిని పొట్టన పెట్టుకుంది గాని, అది వేరే కథ.

ఇంకో ఆధారం మన వ్యాసకర్త ముట్టుకోనేలేదు. 1862లో టన్నా వదిలిన పేటన్ 1866లో పక్కనున్న అనివాలో, రెండో భార్య మార్గరెట్‌తో దిగాడు. ఈసారి ఇల్లు సముద్రపు గాలి తగిలే దిబ్బ మీద లేచింది. మార్గరెట్ అక్కడ ఏళ్ళ తరబడి కాపురం చేసింది, బిడ్డల్ని కన్నది. కొన్నేళ్ళకే ఆ దీవి దాదాపు మొత్తం క్రైస్తవమైంది. అనివా వాళ్ళు మెత్తనివాళ్ళనీ టన్నా వాళ్ళు మొండివాళ్ళనీ మన వ్యాసకర్త రెండు దీవులకూ రెండు స్వభావాలు కట్టాడు. పేటన్ తొలిరోజుల్లో అనివా వాళ్ళు కూడా అతన్ని తుపాకులతో, గొడ్డళ్ళతో బెదిరించినవాళ్ళే, అది పేటన్ ఆత్మకథలోనే ఉంది. మారింది మనుషులు కాదు, ఇంటి ఎత్తు.