కారంచేడు రైతు, గ్రెగరీ రైతు

అమెరికా చరిత్ర అనగానే మన వైపు పిల్లలు లింకన్ దగ్గర మొదలుపెట్టి మార్టిన్ లూథర్ కింగ్ దగ్గర ఒక్క నిమిషం ఆగి, నేరుగా కంప్యూటర్ల దగ్గరికి వచ్చేస్తారు. ఆ మధ్యలో జరిగింది తెలియకపోతే ఈ దేశం అర్థం కాదు. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్న నాకు అది బాగా అర్థమయింది ఒక సినిమా నిర్మాత జీవితం చదివాకే. పర్చూరు, ఇంకొల్లు, చీరాల వాళ్ళకి ఆయన కథ చెప్పడం తేలిక. రైతు సినిమా తీయడమంటే ఏమిటో మనకి ఎవరూ వివరించనక్కర్లేదు.

ముందు మన ఊరి మనిషినే తలుచుకుందాం. దగ్గుబాటి రామానాయుడు గారు 1936లో కారంచేడులో పుట్టారు. వ్యవసాయ కుటుంబం, నల్లరేగడి పొలాలు. ఊళ్ళో రైసుమిల్లు నడిపారు. 'నమ్మినబంటు' షూటింగు కారంచేడుకు వచ్చినప్పుడు ఆ సినిమాలో చిన్న వేషంలో కనిపించారు కూడా. ఆ తర్వాత మద్రాసు చేరి, 'అనురాగం'లో భాగస్వామిగా అడుగుపెట్టి, 1964లో పెద్దకొడుకు పేరు మీద సురేష్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టారు. తొలి సినిమా 'రాముడు భీముడు', ఆ ఏడాది మే నెలలో విడుదలయింది. నరసరాజు గారి కథ, తాపీ చాణక్య దర్శకత్వం, ఎన్టీఆర్ రెండు వేషాలు. అది ఆడింది. తర్వాత తీసినవాటిలో కొన్ని ముంచాయి. 1971లో 'ప్రేమనగర్' మొదలుపెట్టేనాటికి, ఇదీ పోతే మద్రాసు వదిలి కారంచేడు వెళ్ళి సేద్యం చేసుకుందామన్న నిర్ణయానికి వచ్చేశారు. అది పోలేదు. తమిళంలో 'వసంత మాళిగై' అయింది, హిందీలోనూ వచ్చింది. ఆ తర్వాత హైదరాబాదులో స్టూడియో, ఎన్నో భాషల్లో సినిమాలు, 2008లో 130 సినిమాల లెక్కతో గిన్నిస్ పుస్తకంలో పేరు, బాపట్ల నుంచి లోక్‌సభ, 2009 సంవత్సరానికి ఫాల్కే అవార్డు. ఇదంతా మీకు తెలిసిందే.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ 1971 నాటి మాట. పోతే వెనక్కి వెళ్ళి దున్నుకోవడానికి ఆయనకొక పొలం ఉంది. ధైర్యం ఆయనదే, కష్టమూ ఆయనదే. ఆ రెంటి కిందా భూమి ఉంది. అప్పిచ్చేవాడు చూసేదీ ఆ భూమినే.

ఇక మొదట్లో నేను చెప్పిన ఆ నిర్మాత, ఆస్కార్ మిషో. 1884లో ఇల్లినాయి రాష్ట్రంలో, మెట్రోపొలిస్ అనే ఊరి దగ్గర పుట్టిన నల్లజాతి మనిషి. తండ్రి బానిసగా పుట్టినవాడు. మిషో షికాగో వచ్చి రైలు పెట్టెల్లో ప్రయాణికులకు పక్కలు పరిచే కొలువు చేశాడు. ఆ రోజుల్లో నల్లవాళ్ళకు దొరికే కాస్త మంచి ఉద్యోగం అదే. కూడబెట్టిన డబ్బుతో 1905 ప్రాంతంలో దక్షిణ డకోటాలో, గ్రెగరీ అనే ఊరి దగ్గర భూమి కొన్నాడు. ఆ భూమి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1862 నాటి చట్టం ప్రకారం, వచ్చి కాపురముండి సాగుచేసినవాడికి ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చేది. ఎవరి భూమి? మిషో ఉన్న చోటు లకోటా తెగవారి రోజ్‌బడ్ రిజర్వేషన్. వాళ్ళ దగ్గర్నుంచి తీసుకుని 1904లో లాటరీ వేసి బయటివాళ్ళకు పంచారు. అన్యాయానికి గురైన ఒక జాతి మనిషి, అన్యాయంగా లాక్కున్న మరో జాతి నేల మీద నిలదొక్కుకోవాలని చూశాడు. ఈ దేశ చరిత్ర చాలాచోట్ల ఇలాగే పొర మీద పొరగా ఉంటుంది.

చుట్టూ తెల్లరైతులు, మధ్యలో ఆయన ఒక్కడు. గడ్డినేలను దున్ని పంట తీశాడు. కరువు వచ్చింది, అప్పులు పెరిగాయి, భూమి పోయింది. ఈ వరస మన మిరప రైతుకీ పత్తి రైతుకీ చెప్పాలా? ఆయన మాత్రం ఆ అనుభవాన్ని నవలలుగా రాసి, సొంతంగా అచ్చువేసి, తనకు తెలిసిన రైతుల ఇళ్ళకే వెళ్ళి అమ్మాడు. 1917 నాటి నవల 'ది హోమ్‌స్టెడర్'ను సినిమా తీస్తామని లాస్ ఏంజెలెస్ నుంచి ఒక నల్లజాతి కంపెనీ అడిగింది. ఆ నిర్మాణంలో తనకూ చోటుండాలన్నాడు మిషో. వాళ్ళు ఒప్పుకోలేదు. అయితే నేనే తీస్తానని, అయోవా రాష్ట్రంలోని సూ సిటీ చుట్టుపక్కల రైతులకు వాటాలు అమ్మి, 1919లో తీసేశాడు. వాటాలు కొన్నవాళ్ళలో తెల్లవాళ్ళున్నారు. పుస్తకం కొన్న రైతే సినిమాలో పెట్టుబడి పెట్టాడన్నమాట. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో 40కి పైగా సినిమాలు. 1928లో దివాలా తీశాడు, మళ్ళీ లేచాడు, 1931లో మాటల సినిమా తీశాడు. రీళ్ళు తనే మోసుకుని ఊరూరూ తిరిగి, హాలు యజమానితో బేరమాడి, వచ్చిన బయానాతో తర్వాతి సినిమా మొదలుపెట్టేవాడు.

ఆ హాళ్ళ గురించి చెప్పాలి. మన చీరాలలో, గుంటూరులో నేల టికెట్టు కొన్నవాడు ముందు కూర్చున్నాడు, డబ్బున్నవాడు బాల్కనీకి పోయాడు. ఇక్కడ దక్షిణ రాష్ట్రాల్లో బాల్కనీ నల్లవాళ్ళది. పక్కదారిన మెట్లెక్కి పైకి పోవాలి, కింద కుర్చీ ఖాళీగా ఉన్నా, కొనే డబ్బు జేబులో ఉన్నా. కొన్ని హాళ్ళలోకి అసలు రానిచ్చేవాళ్ళు కాదు. తెల్లవాళ్ళ ఆటలు అయిపోయాక అర్ధరాత్రి వేళ నల్లవాళ్ళకు వేరే ఆట వేసేవారు. మిషో సినిమాలు చాలాచోట్ల ఆడింది ఆ వేళలోనే. ఆయన ఎంత మంచి సినిమా తీసినా అది చేరగలిగే హాళ్ళు, దొరికే ఆటలు ముందే తేలిపోయి ఉండేవి. 'ప్రేమనగర్' ఎవరు చూడాలో ఎవరూ గీత గీయలేదు.

అలాగని గీతలు మనకు లేవని కాదు. 1985 జూలై 17న అదే కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగవుకి మాదిగపేట మీద పడి ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. రామానాయుడు గారు అప్పటికి రెండు దశాబ్దాల క్రితమే సినిమా పని మీద ఊరు దాటిన మనిషి, ఆయన్ని ఇందులోకి లాగడం లేదు. నేను చూస్తున్నది నేలను. ఒక ఇంటి పిల్లవాడికి వెనక్కి రావడానికి పొలమిచ్చిన ఊరే ఇంకో పేట పిల్లలకు ఉండటానికి చోటివ్వలేదు. మిషో కథ నన్ను పట్టుకున్నది అందుకే.

'రాముడు భీముడు' విడుదలైన 1964లోనే, జూలైలో, ఇక్కడ పౌరహక్కుల చట్టం వచ్చింది. హాళ్ళలో ఆ మెట్లదారి చట్టవిరుద్ధమైంది. దాని వెంటే 1965 అక్టోబరులో, ఏ దేశం నుంచి ఎందరు రావాలో పుట్టుకను బట్టి కొలిచే పాత వలస విధానాన్ని తీసేశారు. గుంటూరు మెడికల్ కాలేజీ డాక్టర్లు ఇక్కడికి పెద్ద సంఖ్యలో రాగలిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి ఆ వాతావరణం తెచ్చినవాళ్ళు నల్లవాళ్ళు. మన ఇళ్ళలో వాళ్ళ గురించి చులకనగా మాట్లాడటం విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. మిషో ఈ రెండు చట్టాలూ చూడలేదు. 1951లోనే పోయాడు.

ఆయన సినిమాలు చాలావరకు దొరకవు. 1920 నాటి 'వితిన్ అవర్ గేట్స్' మాత్రం స్పెయిన్‌లో ఒక ప్రతి బయటపడగా, అమెరికా జాతీయ గ్రంథాలయం బాగుచేయించింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. మాటల్లేని సినిమా. అందులో కౌలుకు దున్నుకునే నల్లరైతు ఒకడుంటాడు. చదువుకున్న పెంపుడు కూతురు లెక్కలు రాసిపెడితే, ఆ లెక్క పట్టుకుని భూస్వామి దగ్గరికి వెళతాడు. ఆ గదిలో ఏం జరిగిందో, ఆ తర్వాత ఊరు ఆ కుటుంబాన్ని ఏం చేసిందో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్ళు ఎందుకని అడుగుతారు. మీరు అమెరికా దాకా రానక్కర్లేదు, చీరాల నుంచే జవాబు చెప్పగలరు.