యమకోషి కొండలు – వర్ణమత్స్యముల పుట్టినిల్లు

ఇంటి పెరటిలో చిన్న కొలను త్రవ్వించి, గట్టున రాళ్లు పేర్చి, నీటిలో ఎఱ్ఱని తెల్లని చేపలను విడిచి, సాయంవేళ దాని యొడ్డున కూర్చుండి మేత చల్లు వేడుక నేడు దేశదేశములందును, మన నగరములలోని కొన్ని ఇండ్ల ముంగిళ్లలోను కానవచ్చుచున్నది. జపానువారు నిషికిగోయి యనియు, తక్కిన లోకము కోయి యనియు పిలుచు ఈ చేపల సొగసు చూచినవారికి ఇవి ఏ రాజోద్యానముననో పుట్టియుండునని తోచుట సహజము. కాని వీని పుట్టినిల్లు జపాను దేశపు నీగాటా మండలమునందలి యమకోషి కొండలు. వీనిని తరతరములుగా పెంచి తీర్చినవారు ఏటవాలు నేలలో వరి పండించుకొని బ్రతికిన సామాన్య కృషీవలులు.

ఆ కొండల స్వభావమే ఈ కథకు మూలము. శీతకాలమున జపాను సముద్రము మీదుగా వచ్చు తేమగాలులు అచ్చట మంచుగా కురియును. నిలువెత్తును మించి మంచు పేరుకొనుటచే పూర్వకాలమున ఊరికిని ఊరికిని రాకపోకలు నెలల తరబడి నిలిచిపోయెడివి. నేల మెత్తని బంకమన్నగుటచే కొండచరియలు జారుట అచ్చటివారికి క్రొత్త గాదు. అయినను, జారి ఇండ్లను ముంచు ఆ మన్నే గుంటలో నీటిని ఇంకనీయక నిలుపును. వసంతమున కరగిన మంచునీటిని వరిమళ్లకు దాచుకొనుటకై రైతులు కొండవాలున మెట్లు మెట్లుగా గుంటలు త్రవ్వి, గట్లు పోసి, దిగువ మళ్లకు నీరు పారించుకొనిరి. మాంసాహారము దుర్లభమైన ఆ సీమలో మంచుకాలపు తిండికై ఆ గుంటలలోనే నల్లని చేపలను పెంచిరి. మన కృష్ణా గోదావరీ మండలముల చేపల చెరువులలో బంగారుతీగ యని పేరుగన్న జాతియే యది.

పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకములలో ఆ నల్లచేపల సంతతిలో అక్కడక్కడ ఎఱుపు, తెలుపు రంగులు కలవి పుట్టసాగెను. తినుటకు పెంచిన చేపను వన్నె చూచి తినక దాచుకొనుట, దానికి తగిన జోడును వెదకుట, పిల్లలలో మేలైనదానిని మరల ఏరుట – ఈ మూడు పనులును ఏ శాస్త్రగ్రంథమును చదువని చేతులతో సాగినవి. ఆ శతాబ్ది ముగియునప్పటికి తెల్లని మేనిపై ఎఱ్ఱని మచ్చలు గల కోహకు రకము స్థిరపడినది. 1914లో టోక్యో నగరమున జరిగిన తైషో ప్రదర్శనమునకు ఈ కొండవారు తమ చేపలను కొనిపోగా, అంతవరకు లోయ దాటని వాని కీర్తి రాజధానిని ముట్టినది; కొన్ని చేపలు అప్పటి యువరాజు హిరోహితోకు కానుకగా సమర్పింపబడినవి. వెన్నుపై బంగారు చారగల చేప యొకటి 1921లో చిక్కగా, అవోకి సవాతా యను రైతు, అతని కుమారుడు పాతికేండ్లపాటు దాని సంతతిని ఏరి ఏరి, ఒడలెల్ల పసిడివన్నె గల ఓగోన్ రకమును సాధించిరి. ఒక వన్నె కొరకు ఇన్ని సంవత్సరములు నిలిచిన ఓర్మిని ఏ కళాకారుని తపస్సుకంటె తక్కువగా ఎంచుటకు నాకు మనసొప్పదు.

వారి పనిలో చేపకంటె ముందు నీటికే సేవ జరుగును. మంచు కరగిన పిమ్మట గుంటను ఎండబెట్టి, ఎరువు వేసి, నీరు నింపి, అందు కంటికి ఆననంత చిన్న జీవులు వృద్ధియగువరకు వేచియుందురు. క్రొత్తగా పొదిగిన పిల్లలకు అవియే తొలి ఆహారము. వేసవి తొలిదినములలో జంటలను కూర్చగా ఒక్కొక్క తల్లిచేప లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. కొలది దినములకే పిల్లలు వెలువడును. వ్రేలెడైనను ఎదుగకమున్నే ఏరివేత మొదలగును. పిల్లలను తెల్లని పళ్లెములలో పోసికొని, వంగిన నడుముతో గంటలకొలది కూర్చుండి, వన్నె లేనివానిని, వంకరలు గలవానిని చిన్న వలతో వేరుచేయుదురు. వేసవిలో ఇట్లు పలుమారులు వడకట్టగా లక్షలలో నిలుచునవి కొన్నియే. ఆ ఏరుకొను చూపు ఎల్లప్పుడును పైనుండి క్రిందికి ప్రసరించునదే. ప్రక్కనుండి గాజులో చూచుటకు గాక, గట్టున నిలిచి చూచుటకు పెరిగిన చేప గనుక దాని అందమంతయు వెన్నుపై ఉన్నది. ఆకు రాలు కాలమున, మంచు పడకముందే, గుంటలను దింపి చేపలను పట్టి ఇంటిపట్టునకు చేర్చుదురు. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులును, విమానములును వచ్చిన తరువాత ఈ చేపలు సముద్రములు దాటి పరదేశపు పెరటి కొలనులను అలంకరించినవి.

2004 అక్టోబరు 23 సాయంకాలమున సంభవించిన భూకంపము ఈ వృత్తిని మూలమట్టముగా కుదిపినది. కొండచరియలు విఱిగిపడి బాటలు తెగినవి. గుంటల గట్లు బీటలువారి నీరు జారిపోయినది. ఇమోగావా యేరు మట్టిచే మూసుకొనిపోయి ఒక పల్లె మునిగినది. దాదాపు రెండువేలమంది జనము ఊరు విడిచి హెలికాప్టర్లలో తరలిపోవలసివచ్చెను; మిగిలిన చేపలలో కొన్నింటిని సయితము పిమ్మట ఆకాశమార్గముననే రక్షించిరి. మరుసటి యేట యమకోషి గ్రామము నాగావోకా నగరమున విలీనమైనను, తిరిగివచ్చిన రైతులు గట్లు మరల పోసి, గుంటలు మరల నింపి, తల్లిచేపలను మరల విడిచిరి.

పెరటిలో కొలను కట్టదలచిన గృహస్థుడు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది చాల కలదు. సిమెంటు కొలను కట్టించిన నాడే చేపలను విడుచుట వానిని చంపుటయే. సున్నపు ఘాటు పోవువరకు నీటిని పలుమారులు మార్చి, నీరు కుదుటబడినదాక ఓపికపట్టి, మొదట కొలది చేపలనే విడిచి, అవి కుదురుకొనిన పిదప తక్కినవానిని చేర్చుట మేలు. నేలను ఎఱిగి నీటిని నిలుపుట, నీటిని ఎఱిగి చేపను పెంచుట యమకోషివారు కరవు కాలములలో నేర్చిన విద్య. దానిని వేడుకకొరకు స్వీకరించు మనము కనీసము వారి ఓర్మినైనను దానితోబాటు స్వీకరించుట న్యాయము.