ఓడ అడుగు కథ

మన చరిత్ర పుస్తకాల్లో ఓడలు వస్తాయి, కోటలు లేస్తాయి, యుద్ధాలు జరుగుతాయి. ఆ ఓడల అడుగున ఏం జరిగిందో మాత్రం ఎక్కడా ఉండదు. సముద్రానికి ఇంత దూరంగా బొమ్మిడిలో చదివే మాకు అది అసలే తెలీదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఉప్పు నీళ్లలో ఏ వస్తువు ఉంచినా మొదట జిగురు పొర పడుతుంది. దానిమీద నాచు, తర్వాత గుల్ల జీవులు చేరతాయి. బార్నకిల్ అనే చిన్న జీవి సిమెంటు పెట్టినట్టు అతుక్కుంటుంది. అడుగు గరుకైతే ఓడ నెమ్మదిస్తుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. చెక్క ఓడలకైతే తొలిచి తినే పురుగు బాధ కూడా ఉండేది. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, బాగుచేసే పేరున్న రేవు. మన దేశంలో పాతకాలంలో సున్నం, నూనె కలిపి ఓడ అడుగుకు పూసేవారు.

1761లో ఇంగ్లీషువాళ్లు 'అలారం' అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టారు. నాచు పట్టలేదు కానీ, రాగి పక్కనున్న ఇనుప మేకులు తినేసుకుపోయాయి! రాగి కూడా నీళ్లలో అరిగిపోయేది. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త రాగికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి ఆ అరుగుదల ఆపాడు. వెంటనే గుల్లలు మళ్లీ పట్టాయి. రాగి కరిగితేనే కాపాడుతుంది, కరగకపోతే ఉత్త రేకే. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

విశాఖపట్నంలో కట్టిన 'జల ఉష'ను 1948లో నెహ్రూ గారు నీళ్లలోకి దింపారు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారు, ఆయన శిష్యులు విశాఖ రేవులో ఇలా అతుక్కునే జీవుల మీద పరిశోధన చేశారు. ఏది అతుక్కుంటుందో తెలియకుండా ఏ రంగు వేసి ఏం లాభం?

తర్వాత పాలిమర్ల కాలం వచ్చింది. ట్రైబ్యూటైల్ టిన్ అనే విషాన్ని పాలిమర్‌కు కట్టి రంగు చేశారు. అది సబ్బులా పొర పొరగా అరుగుతూ విషం వదులుతుంది. ఓడలవాళ్లకు పండగే. కానీ వదిలిన విషం ఎక్కడికి పోతుంది? ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పిల్లలు బతకలేదు, పెద్దవాటి చిప్పలు వికారంగా మందమెక్కాయి. వాటిని పెంచి బతికేవాళ్లు దెబ్బతిన్నారు. 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగు వద్దంది. ప్రపంచ ఒప్పందం 2001లో కుదిరినా, అమల్లోకి వచ్చేసరికి 2008 అయింది. ఇంత ఆలస్యం అన్యాయమనే నేనంటాను.

ఇప్పుడు సిలికోన్ పూతలున్నాయి. ఇవి చంపవు, గట్టిగా పట్టుకోనివ్వవు, అంతే. దోసె పెనం గుర్తొస్తుంది కదా? పదార్థం వేరు, ఉపాయం దగ్గరిదే. ఓడ వేగంగా పోతే నీటి తాకిడికి గుల్లలు రాలిపోతాయి. రేవులో వారాల తరబడి నిలబడ్డ ఓడకు మాత్రం అవి పడుతూనే ఉంటాయి. నిలబడ్డ ఓడకు కూడా పనికొచ్చే, విషం లేని పూత కోసం ఇంకా వెతుకుతున్నారు.