వెనక్కి చూడలేని తెర

యూనిక్సు పుట్టింది తెర మీద కాదు, కాగితం మీద. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ దానికి శ్రీకారం చుట్టిన కాలంలో మనిషికీ యంత్రానికీ నడుమ సంభాషణ సాగింది టెలిటైపు 33 వంటి యంత్రాల మీద. మనం కొట్టిన ఆదేశమూ, కంప్యూటరిచ్చిన జవాబూ ఒకే కాగితపు చుట్ట మీద పడేవి. వేగం సెకనుకు 10 అక్షరాలు. 72 అక్షరాల వరుసకు ఏడు సెకన్ల పైమాటే. యూనిక్సు ఆదేశాలకు ఎల్ఎస్, సీపీ వంటి పొట్టి పేర్లు రావడానికి ఈ నత్తనడకే కారణమంటారు. నాకూ అది సబబుగానే తోస్తుంది.

అయితే ఆ నిదానంలో ఒక సౌకర్యం ఉండేది. గంట క్రితం వచ్చిన జవాబు మళ్ళీ కావాలంటే, నేల మీద పడివున్న కాగితాన్ని ఎత్తి చూసుకుంటే చాలు. అందుకోసం ఎవరూ ప్రత్యేకంగా ప్రోగ్రాము రాయనక్కరలేకపోయింది.

గాజు తెరలు వచ్చి ఈ సౌకర్యాన్ని హరించాయి. 1976లో లియర్ సీగ్లర్ కంపెనీ తెచ్చిన ఏడీఎం-3ఏ టెర్మినలునే తీసుకోండి. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, వెరసి 1920. అంతకుమించి దానికి జ్ఞాపకమంటూ లేదు. అడుగున కొత్త వరుస చేరగానే పై వరుస శాశ్వతంగా మాయమయ్యేది. 9600 బాడ్ వేగంలో రెండు సెకన్లకొక తెర నిండుతుంది. ఏ కన్ను అందుకోగలదు? కంట్రోలు-ఎస్ నొక్కి ప్రవాహాన్ని ఆపడం, కంట్రోలు-క్యూ నొక్కి వదలడం ఒక్కటే దారి. ఆ సంకేతాలు కూడా టెలిటైపు కాలంలో చిల్లుల కాగితపు పట్టీని చదివే యంత్రాన్ని ఆపి నడపడానికి ఏర్పడినవే.

1978లో బర్కిలీ విశ్వవిద్యాలయపు విద్యార్థి డేనియల్ హాల్బర్ట్ 'మోర్' అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. తెర నిండగానే అది ఆగి, అడుగున 'ఇంకా ఉంది' అన్న అర్థంలో తన పేరే చూపించేది. స్పేసుబారు నొక్కితే మరో తెర. (ఇటువంటి ఏర్పాటు ఎంఐటీ వారి ఐటీఎస్‌లో అప్పటికే ఉంది.) చదువరికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది గానీ, దాటిపోయిన పుట మాత్రం దాటిపోయినట్టే. మోర్‌కు ముందుకు పోవడమే తెలుసు.

వెనక్కి జరపడం అంత కష్టమా అని నేటివారికి అనిపించవచ్చు. చిక్కులు రెండు. ఏడీఎం-3ఏ వంటి టెర్మినలులో వరుసలను కిందికి జరిపి, పైన ఖాళీ చేసే ఆదేశమే లేదు; ఒక్క వరుస వెనక్కి పోవాలన్నా తెరంతా మళ్ళీ రాయాలి. ఫోను లైను మీద 300 బాడ్ వేగంలో అది నిమిషం పైన పట్టే పని. 1978 నాటి వీటీ100లో ఆ ఆదేశం ఉంది కనుక ఈ చిక్కు క్రమంగా తీరింది. రెండోది ఇంకా మౌలికమైనది. ఫైలయితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవవచ్చు. కానీ ఒక ప్రోగ్రాము నుంచి మరొకదానికి పైపు ద్వారా వచ్చే పాఠం ఏటి నీరు వంటిది; పారినది తిరిగి రాదు. కావాలంటే చదివేవాడే దాచుకోవాలి.

ఆ దాచుకునే ప్రోగ్రామును 1983-85 మధ్య మార్క్ నూడెల్మన్ రాశాడు. మోర్‌కు వ్యతిరేక దిశలో కూడా నడుస్తుంది కనుక చమత్కారంగా 'లెస్' అని పేరుపెట్టాడు. తెలుగువానికి ఆ పేరు వినగానే 'లెస్స' స్ఫురిస్తే తప్పేమీ లేదు, పని అలాగే ఉంటుంది. పైపులో వచ్చినదాన్ని అది జ్ఞాపకంలో పేర్చుకుంటూ పోతుంది. 'బి' మీట నొక్కితే దాటిన పుట తిరిగి వస్తుంది. పెద్ద ఫైలును తెరిచేటప్పుడు అంతా చదివేదాకా మనల్ని కూర్చోబెట్టదు. టెలిటైపు కాగితం ఉచితంగా ఇచ్చినదాన్ని తెర మీద తిరిగి సంపాదించడానికి ఇంత శ్రమ పట్టింది.

మన లిపి ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. తెలుగును కంప్యూటరులో దాచడానికి నేడు మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించినవారు రాబ్ పైక్, మళ్ళీ ఆ కెన్ థామ్సనే. అందులో 'అ' అన్నది మూడు బైట్లు. పరిసరాలను యూటీఎఫ్-8కు అమర్చకపోతే లెస్ వాటిని అక్షరంగా గుర్తించక, ఈ0, బీ0, 85 అంటూ కోణపు గుర్తుల మధ్య అంకెలుగా చూపుతుంది. అమర్చినా ఒక పేచీ మిగిలింది. టెర్మినలు తెర సమానమైన గళ్ళ పలక. 'లక్ష్మి' మన కంటికి రెండక్షరాలు, యూనికోడుకు ఏడు సంకేతాలు, ఫైలులో 21 బైట్లు. దానికి ఎన్ని గళ్ళివ్వాలో టెర్మినలు ఒక లెక్క, లెస్ మరో లెక్క వేసుకుంటే, వరుస ఎక్కడ తెగాలో ఇద్దరికీ పొంతన కుదరదు.