గడి నుంచి నల్లి బొక్క దాకా

ఉత్తర తెలంగాణ మీద వచ్చిన సినిమాల్లో ఏవి చూడమంటారని అడిగితే ఈ మధ్య అందరి నోటా ఒకటే మాట: ‘బలగం’. మంచి సినిమానే, కాదనేవాళ్లు లేరు. అయితే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు వెండితెరతో చుట్టరికం తొంభై ఏళ్ల నాటిది. అందులో తప్పక చూడాల్సినవి కొన్ని, కాలక్షేపానికి చూసేవి కొన్ని, ఒకప్పుడు ఊపేసి ఇప్పుడు చూస్తే నీరసం తెప్పించేవి కొన్ని. వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ నేల మీద తుపాకీ పట్టినవాడిని సినిమా తొందరగానే చూసింది. ఇంట్లో కూర్చుని బువ్వ తిన్నవాణ్ని చూడటానికి మాత్రం చాలా కాలం పట్టింది.

లెక్క మూకీల కాలం నుంచే తీయాలి. 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ కుర్రతనంలోనే బొంబాయి చేరి మూకీల్లో వేషాలు కట్టాడు, టాకీలు వచ్చాక హిందీలో నిలదొక్కుకున్నాడు. రాజపుత్ర వీరుల పాత్రలకు పెట్టింది పేరు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకే దక్కింది. పాత సినిమాల మీద మక్కువ ఉంటే బాంబే టాకీస్ వారి ‘భాభీ’ (1938) వెతికి చూడొచ్చు. అంత ఓపిక లేనివాళ్లూ ఆయన్ను చూసే ఉంటారు. ‘షోలే’లో పోలీసు కమిషనర్ ఆయనే. కరీంనగర్ థియేటర్లలో ఆ సినిమాకు ఈలలు వేసినవాళ్లలో ఎందరు గుర్తుపట్టారో మరి.

జానపదం కావాలంటే ‘గులేబకావళి కథ’ (1962). సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి సినిమాకు రాసిన తొలి పాటలు ఇందులోవే. పాటలన్నీ ఆయనవే. ఒక్కసారే అన్ని పాటలూ కొత్త కవి చేతిలో పెట్టడానికి ఎన్టీఆర్‌కు ఉన్న ధైర్యమూ మెచ్చుకోదగ్గదే. సినారె పాటలో హనుమాజీపేట యాస వినిపించదు. ఆ రోజుల్లో తెర మీద ఆ యాసకు దక్కే చోటల్లా నౌకరు పాత్రో, రౌడీ పాత్రో, నవ్వు పుట్టించే పాత్రో. ఈ అవమానం ఒకటి రెండేళ్లు కాదు, దశాబ్దాలు నడిచింది.

అసలు కథ 1970ల చివర్లో మొదలవుతుంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. కొద్ది వారాలకే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే ‘మా భూమి’ తయారైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. కథాకాలం 1940ల సాయుధ పోరాటమే అయినా, చూసినవాళ్లకు పక్క ఊళ్లోని దొర గడి గుర్తొచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు. ఇప్పటికీ ఇది పాతబడలేదు. చరిత్ర సినిమా ఒక్కటే చూస్తామనేవాళ్లకు ఇదే చెప్తాను.

రెండోది కూడా చూస్తామంటే ‘దాసి’ (1988). నా లెక్కలో ఈ మొత్తం వరుసలో మిన్న ఇదే. బి. నర్సింగరావే దర్శకుడు. దొర గడిలో ఆడబాప కమలాక్షి బతుకు కథ. చాకిరీ ఆమెదే, దొర పడక ఆమెదే, కడుపొస్తే ఉంచుకోవాలో తీయించుకోవాలో చెప్పేది మాత్రం ఆమె కాదు. సంభాషణలు తక్కువ. కమలాక్షి నోరు విప్పేది ఇంకా తక్కువ. అర్చన ముఖం చూస్తూ కూర్చోవడమే సినిమా. మెల్లగా నడుస్తుందని కొందరు విసుక్కుంటారు. గడిలో పొద్దు అంత మెల్లగానే గడిచేదని ఒప్పుకుని కూర్చుంటే విసుగు పోతుంది. ఉత్తమ తెలుగు చిత్రం, నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు, ఇలా ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కళా దర్శకుడు తోట వైకుంఠం. నుదుట రూపాయంత బొట్టుతో, ముదురు రంగు చీరల్లో ఉండే ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో ఆయన చిన్నప్పుడు చూసినవాళ్లే. సినిమా చూసి, తర్వాత ఆ బొమ్మలు చూడండి.

ఇలాంటివి జిల్లాల్లో ఎవరు చూశారని అడగొచ్చు. కరీంనగర్ ఫిలిం సొసైటీ వాళ్లు ‘కఫిసో’ పేరుతో, వారాల ఆనంద్ లాంటి కవులు, విమర్శకులు ముందుండి, థియేటర్ మొహం చూడని సినిమాలను ఊరికి తెచ్చి చూపించారు. మెట్రో నగరాల్లో మాత్రమే నడుస్తుందనుకునే ఆ వ్యవహారం వేములవాడ లాంటి చోటా నడిచింది.

ఆదిలాబాద్ వైపు వస్తే అడవీ, గోండులూ, భీమూ. అల్లాణి శ్రీధర్ ‘కొమరం భీమ్’ 1990లోనే తయారై నంది అవార్డులు అందుకుని, థియేటర్‌కు రావడానికి మాత్రం 2010 దాకా ఆగింది. ఇరవై ఏళ్లు! భీమ్‌గా వేసిన భూపాల్ రెడ్డే ‘దాసి’లో దొర. రెండూ వెంటవెంటనే చూస్తే ఆ నటుడి మీద గౌరవం పెరుగుతుంది. ఖర్చు లేని సినిమా అని తెలుస్తూనే ఉంటుంది, కొన్ని చోట్ల నాటకంలా ఉంటుంది. అయినా జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన మనిషి కథ అందులో ఉంది. ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో ఉన్నది వేరే భీమ్. స్కాట్ దొరవారు ఎత్తుకుపోయిన పిల్ల కోసం ఢిల్లీ వెళ్లి పులులతో, ట్రక్కులతో తెల్లదొర బంగళా మీద పడ్డవాడు. అది రాజమౌళి ఊహ. ఊహగా చూస్తే మూడు గంటలూ కన్ను తిప్పుకోలేం, ‘నాటు నాటు’కు ఆస్కారూ వచ్చింది. అసలు భీమ్ పోరాడింది నిజాం సర్కారు అటవీ అధికారులతో, పోడు భూముల కోసం. పిల్లలకు రెండూ చూపించండి, శ్రీధర్ సినిమా ముందు, ‘ఆర్ఆర్ఆర్’ తర్వాత. వరుస తిప్పితే రెండోది చూడరు.

డాక్యుమెంటరీల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇంకో మాట. భీమ్ మరణం తర్వాత గోండుల కష్టాలకు మూలం ఏమిటో తేల్చమని నిజాం సర్కారు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి గోండుల జీవితాన్ని రాశాడు, ఫొటోలు తీశాడు, 16 ఎంఎం కెమెరాతో చిత్రీకరించాడు. ఆ సంపద లండన్‌లోని సోయాస్‌లో ఉంది. ఆయన భార్య సమాధి మార్లవాయిలోనే ఉంది.

1990లు ఎర్రజెండా సినిమాల కాలం. ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’, దాసరి ‘ఒసేయ్ రాములమ్మ’ (1997) పల్లె థియేటర్లను ఊపేశాయి. పాటలు నేటికీ నిలిచాయి. సినిమాలుగా చూస్తే దొర కళ్లురమడం, చివర్లో గొడ్డలి లేవడం, ఇంతే. విజయశాంతి కోసం ‘రాములమ్మ’ ఒక్కటి చాలు. ఆ కోవలో చాలా ఆలస్యంగా వచ్చిన ‘విరాటపర్వం’ (2022) మేలు. వేణు ఊడుగుల దళం కథను ప్రేమకథగా చెప్పాడు. విప్లవకవి పుస్తకం చదివి అడవి దారి పట్టిన పిల్లగా సాయి పల్లవి గుర్తుండిపోతుంది.

ఇక బొగ్గు. సింగరేణి ఊళ్లలో బొగ్గు బాయి చుట్టూనే పెళ్లిళ్లు, అప్పులు, తగాదాలు. గోదావరిఖని ప్రాంతపు శ్రీకాంత్ ఓదెల తీసిన ‘దసరా’ (2023)లో నాని కదిలే గూడ్సు బండి మీదికెక్కి బొగ్గు దొంగతనం చేసే ఆరంభం అదిరింది. సిల్క్ బారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం తేల్చడమూ నిజమైన గమనింపే. తర్వాత సినిమా నెత్తుటేరులో కొట్టుకుపోయింది. బాయిలో దిగి షిఫ్టు చేసి వచ్చేవాడి రోజు అందులో లేదు. ఆ లోటు కొంత తీర్చింది ‘పరేషాన్’ (2023). మంచిర్యాల పోరగాళ్ల తాగుడు, తిరుగుడు. తిరువీర్ పాత్ర తండ్రి సింగరేణి కార్మికుడు. తన ఉద్యోగం కొడుక్కి వచ్చేలా చేద్దామని ఇంట్లో నగలు తీసి డబ్బు పోగుచేస్తాడు. కొడుకు ఆ డబ్బు దోస్తు చేతిలో పెడతాడు. వారసత్వ ఉద్యోగం చుట్టూ ఇళ్లల్లో జరిగే యుద్ధం తెలిసినవాళ్లకు అక్కడ నవ్వు కాస్త గొంతులో అడ్డం పడుతుంది.

మిగతావి గబగబా. మోసాల కథ కావాలంటే కరీంనగర్ నేపథ్యంగా గొలుసుకట్టు వ్యాపారం గుట్టు విప్పిన ‘షరతులు వర్తిస్తాయి’ (2024). పల్లె వ్యంగ్యం ఇష్టమైతే ‘భీమదేవరపల్లి బ్రాంచి’ (2023), ఖాతాలో డబ్బు పడితే మనిషి ఏమవుతాడో చూపిస్తుంది. ‘ఓదెల రైల్వే స్టేషన్’ (2022) నేర కథ, ఒకసారికి చాలు. ఖానాపూర్ బిడ్డ వంశీ పైడిపల్లి, ధర్మపురి హరీశ్ శంకర్ పెద్ద హీరోలతో పెద్ద సినిమాలు తీశారు. వాటిలో ఖానాపూర్ గానీ ధర్మపురి గానీ వెతకనక్కర్లేదు.

‘బలగం’ (2023) సంగతి. సిరిసిల్ల ప్రాంతపు వేణు ఎల్దండి తీసిన ఈ సినిమాలో తుపాకీ లేదు, దొర లేడు. ముసలాయన పోయాడు. మూడొద్దులకు పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదు. ఎందుకు ముట్టలేదని తవ్వితే ఇరవై ఏళ్ల కింద దావత్‌లో బామ్మర్దికీ బావకూ మధ్య నల్లి బొక్క దగ్గర వచ్చిన పంచాయితీ బయటపడుతుంది. ఆ బొక్క చుట్టూ అభిమానం, అలక, ఆడబిడ్డ పుట్టింటికి దూరమవడం అల్లుకున్న తీరు చూడాలి. మనుమడు ఆ చావు ఇంట్లోనే తన అప్పు లెక్క వేసుకోవడమూ అంతే నిజం. చివర్లో బుడగజంగాల దంపతులు పాట ఎత్తుకున్నప్పుడు ఊళ్లల్లో తెర కట్టి చూసిన జనం గుక్కపెట్టి ఏడ్చారు. కాసర్ల శ్యామ్ పాటకు జాతీయ అవార్డు వచ్చింది. చావు తర్వాత పదకొండు రోజుల మీదే కన్నడంలో ‘తిథి’ (2015) ఉంది. మండ్య ఊరి కథ అది, ఏడిపించదు, కడుపుబ్బ నవ్విస్తుంది. రెండూ ఒకే వారంలో చూస్తే ‘బలగం’ కన్నీళ్లు కొంచెం ఎక్కువయ్యాయని కూడా అనిపించొచ్చు. నాకైతే అనిపించింది.

సిరిసిల్ల మరమగ్గాల మీద, బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద, మిడ్ మానేరులో మునిగిన ఊళ్ల మీద నిలిచిపోయే సినిమా ఇంకా రావాలి. దుబాయి కథ కూడా అంతే. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ వైపు గల్ఫ్ మొహం చూడని వాడ అరుదు. పి. సునీల్‌కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) తీశాడు గానీ అది నిలవలేదు. ప్రస్తుతానికి మలయాళం ‘పత్తేమారి’ (2015) చూడండి. మమ్ముట్టి వేసిన నారాయణన్ ఊపిరున్నంత కాలం ఎడారిలో చాకిరీ చేసి ఇంటికి డబ్బు పంపుతూనే ఉంటాడు. ఆ పాత్రకు రాజన్న అనో గంగారెడ్డి అనో పేరు పెట్టుకుంటే ఇంకేం మార్చక్కర్లేదు.