తెర వెనక గొంతులు

తోలుబొమ్మ ముఖం మారదు. నవ్వు ముఖం చెక్కితే ఏడ్చే ఘట్టంలోనూ అదే నవ్వు. కోపం, దుఃఖం, బెదురు అన్నీ ఆడించేవాళ్ల గొంతులోంచి, చేతుల్లోంచి రావాల్సిందే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తరతరాలుగా సాగుతున్నది ఈ నటనే. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవను మహానటుడని తలుచుకుంటాం, సరైనదే. కానీ ఈ తెర వెనకవాళ్లను నటులుగా లెక్కపెట్టలేదు.

కవి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటను ప్రస్తావించాడు. అంటే కాకతీయుల నాటికే ఇది జనానికి తెలిసిన ఆట. లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో కనిపించే పక్కవాటు ముఖాలు, పెద్ద కళ్లు ఈ బొమ్మల్లోనూ ఉంటాయి. రాయలసీమలో ఆట పట్టినవాళ్లు ఎక్కువగా మరాఠీ మూలాలున్న ఆరె కుటుంబాలు. ఇంట్లో మరాఠీ మాట, తెర వెనక తెలుగు పద్యం. రామకథకు ఆధారం రంగనాథ రామాయణం ద్విపద.

మేకతోలు బొమ్మను నిలువునా చీల్చిన బద్ద మధ్య బిగిస్తారు. చేతులాడించడానికి విడిగా పుల్లలుంటాయి. తెర మీద ఇద్దరుంటే మాట్లాడే బొమ్మ చెయ్యే ఆడుతుంది, వినేది కదలదు. పలికేది ఎవరో ప్రేక్షకుడికి అలాగే తెలుస్తుంది. రావణుడికి గొంతు దించి గుండెల్లోంచి పలుకుతారు. సీతకు ఇంటి ఆడవాళ్లే గొంతునిస్తారు. నవ్వించే పాత్రలైన కేతిగాడో బంగారక్కో రాగానే ద్విపద ఆగిపోయి ఊరి యాస మొదలవుతుంది. హనుమంతుడు ఎగరాలంటే బొమ్మను తెర నుంచి వెనక్కి లాగి, గిర్రున తిప్పి, మళ్లీ అదుముతారు. నీడ మసకబారి ఒక్కసారిగా చిక్కబడుతుంది. యుద్ధం వచ్చిందంటే కాలికింద చెక్కలు టకటకా మోగాల్సిందే. నోటికి పద్యం, చేతికి బొమ్మ, కాలికి తాళం, ఆడించే ప్రతి మనిషికీ ఈ మూడూ ఉండాల్సిందే. జావా దీవి తోలుబొమ్మలాటలో దలంగ్ అనే కళాకారుడు రాత్రంతా అన్ని పాత్రలకూ ఒక్కడే గొంతు అవుతాడు. మన దగ్గర ఆ గొంతుల బరువును కుటుంబమంతా పంచుకుంటుంది.

వాన మొహం చాటేసిన ఏడాది విరాటపర్వం ఆడిస్తే చినుకు పడుతుందని సీమ పల్లెల నమ్మకం. ఆ కరువే ముదిరితే ఆటగాళ్లకు గింజలు కొలిచే చేతులూ ఖాళీ అయ్యేవి. ఆపైన సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. బతకడానికి ఆ తోలుతోనే దీపాల తొడుగులు, గోడ బొమ్మలు చేయడం నేర్చుకున్నారు. ఆ పనే ఊరిని నిలబెట్టింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

తొడుగులు కొంటే చెక్కడం బతుకుతుంది, రావణుడి గొంతు బతకదు. ఆ గొంతు పిల్లలకు అందాలంటే రాత్రిళ్లు ఆట జరగాలి. మీ ఊరి జాతరకో, బడి పండక్కో ఒక మేళాన్ని పిలవండి. పది నిమిషాల ముచ్చటగా కాకుండా, ఒక్క ఘట్టమైనా పూర్తిగా ఆడనివ్వండి.