తోసే ముందు తుడవాలి

ఆదివారం, పొద్దున్న ఏడున్నర. రాజోలులో మా ఇంటి వెనక, కొబ్బరిచెట్ల కింద గచ్చు రాత్రి వానకు ఇంకా తడిగానే ఉంది. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది. వెనక సీటు మీద ఇసుక బస్తా కట్టాం కాబట్టి ముందు చక్రం గాలిలోకి లేచింది. చేత్తో ఒక్క తోపు తోశాను. మామూలుగా అయితే రెండు మూడు చుట్లు తిరగాలి. ఇది సగం చుట్టు తిరిగి, స్‌స్‌స్ అంటూ ఒరుసుకుని ఆగిపోయింది.

“నిన్న అంతర్వేది నుంచి వస్తుంటే బండి లాగలేదు బాబాయ్. ఇంటికొచ్చి డిస్క్ మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే చుయ్యిమంది.” మా అన్నయ్య కొడుకు చెబుతున్నాడు.

“దారిలో బ్రేకు ఎక్కువ వాడావా?”

“లేదు బాబాయ్. రోడ్డంతా ఖాళీయే.”

బ్రేకు పట్టుకుని మళ్లీ వదలడం లేదన్నమాట. సముద్రం పక్క ఊళ్లలో తిరిగే బండికి ఇది వచ్చే జబ్బే. ఉప్పు గాలి, వాన, చేల గట్ల మీద బురద అన్నీ కలిసి, ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్‌లో చేరతాయి.

వాడిని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నును ముందు ఎలెన్ కీతో కొంచెం వదులు చేయాలి. క్యాలిపర్ ఫోర్కుకు బిగించి ఉన్నప్పుడే ఆ పని సులువు. ఊడదీశాక చేతిలో తిరిగిపోతుంటుంది. తర్వాత 12వ నంబరు స్పానర్‌తో రెండు బోల్టులు. మొదటిది కిర్రుమని కదిలింది, రెండోది మెత్తగా వచ్చింది. క్యాలిపర్ డిస్కు మీంచి జారింది. బరువు బ్రేకు పైపు మీద పడకుండా దాన్ని గుడ్డపీలికతో ఫోర్కుకు వేలాడదీశాను.

ప్యాడ్లు బయటికొచ్చాయి. ప్యాడ్లను తోసే పిస్టన్ల వైపుది రేకు తగిలేంత అరిగింది. అవతలిది ఇంకా మందంగా ఉంది. “చూడు, రెండూ ఒకేలా అరగలేదు. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు కూడా పట్టేశాయి.” వాడు ప్యాడ్ మీది నల్ల పొడిని ఊదబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిగుడ్డతోనే తుడవాలి.

ఇప్పుడు లోపలికి చూడండి. పక్కపక్కనే రెండు పిస్టన్లు, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి. అంచుల చుట్టూ గోధుమరంగు పెచ్చు. చాలామంది ఇక్కడే స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్లను అలాగే వెనక్కి నొక్కేస్తారు. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే. ఆ మురికంతా నేరుగా సీలు మీదికి పోతుంది.

సీలు అంటే పిస్టన్ చుట్టూ ఉండే నలుచదరపు కోత రబ్బరు రింగు. వాడి ముంజేతి మీద నా వేలు ఆనించి కొంచెం ముందుకు తోశాను. చర్మం వేలుతో పాటే సాగింది. వదిలేస్తే వేలిని వెనక్కి తెచ్చింది. “రబ్బరూ ఇంతే. బ్రేకు నొక్కితే పిస్టన్‌తో పాటు వంగుతుంది, వదిలితే దాన్ని వెనక్కి లాగుతుంది. ఇందులో వేరే స్ప్రింగు లేదు.” ఇంకాస్త గట్టిగా తోశాను. ఈసారి వేలు జారి ముందుకెళ్లింది. “ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ ఇలా జారి కొత్త చోట కూర్చుంటుంది. అందుకే డిస్క్ బ్రేకును డ్రమ్ బ్రేకులా మనం టైటు చేయక్కర్లేదు. అందుకే కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు దాన్ని వెనక్కి పంపాలి.”

వాడు తన ముంజేతి మీద తనే ఇంకోసారి తోసి చూసుకున్నాడు.

“తుడవాలంటే పిస్టన్లు కొంచెం బయటికి రావాలి. బ్రేకు లివర్ మెల్లగా నొక్కు. మెల్లగా అన్నాను కదా!” కుడి పిస్టన్ ముందుకొచ్చింది. ఎడమది కదల్లేదు. జబ్బు దానిదే. కుడిదాన్ని చెక్కముక్కతో అదిమి పట్టుకుని మళ్లీ నొక్కమన్నాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మొరాయించే ఎద్దులా ఎడమది కదిలింది. రెండూ అర అంగుళంలో సగం బయటికి రాగానే చాలన్నాను. ఇంకా నొక్కితే పిస్టన్ ఊడి చేతిలో పడుతుంది.

పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్లు. ఇక్కడ పెట్రోలు, ఇంజనాయిల్ పనికిరావు, సీలు రబ్బరు ఉబ్బిపోతుంది. గరుకు కాగితం అసలు ముట్టుకోకూడదు, పిస్టన్ మీది నునుపు పోతుంది. వెనక వైపు బ్రష్ అందదు. పాత బూటు లేసు తడిపి పిస్టన్ చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడులా అటూ ఇటూ లాగాను. లేసు నల్లబడింది. పెచ్చు కింద మెరుపు కనపడింది. గోటితో తడిమాను. గుంటలు లేవు. ఉంటే పిస్టనే మార్చాలి.

నీళ్లు బాగా తుడిచి, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ వేలికి అద్దుకుని పిస్టన్ చుట్టూ రాశాను. ఇక తోయడం. హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయడానికి ముందే పెట్రోలు ట్యాంకు మీద తడిగుడ్డ కప్పించాను. ఆ ఆయిల్ పడితే పెయింటు లేస్తుంది.

“మొన్న ఆయిల్ తగ్గిందని నిండా పోయించాను బాబాయ్.”

“తగ్గింది కారి కాదు. ప్యాడ్లు అరిగి పిస్టన్లు ముందుకొచ్చాయి, ఆ చోటు ఆయిల్ నింపింది. ఇప్పుడు అదంతా వెనక్కొస్తుంది. చూస్తుండు.”

రెండు బొటనవేళ్లూ రెండు పిస్టన్ల మీద. ఒకదాన్నే నొక్కితే రెండోది బయటికొస్తుంది. వంకర పోకుండా, సమంగా, ఊపిరి బిగబట్టి తోశాను. మెత్తగా లోపలికి దిగాయి.

“పైకొస్తోంది! అంచుదాకా వచ్చేసింది!” మెడికల్ షాపు సిరంజితో వాడు ఆయిల్ లాగేశాడు. మళ్లీ లివర్‌తో బయటికి, మళ్లీ వేళ్లతో లోపలికి. మూడోసారి ఎడమదీ కుడిదానితో సమంగా దిగింది. ఆ తేడా వేళ్లకు తెలుస్తుంది.

స్లైడ్ పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు రాశాం. కొత్త ప్యాడ్లు, బోల్టులు, ఆయిల్ గీతల మధ్యకు, మూత.

బండి తాళంచెవి కోసం వాడు చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. “ముందు లివర్ నొక్కు.” లివర్ గ్రిప్పుదాకా పడిపోయింది. వాడి మొహం పాలిపోయింది. వెనక్కి తోసిన పిస్టన్లు ఇంకా ప్యాడ్లను అందుకోలేదు. ఇలాగే రోడ్డెక్కి ఉంటే మొదటి మలుపులో ముందు బ్రేకు ఉండేది కాదు. రెండోసారి, మూడోసారి నొక్కాడు. ఆరోసారికి లివర్ రాయిలా నిలబడింది.

చక్రం తిప్పమన్నాను. ఒకటి, రెండు, మూడో చుట్టు సగం.

ఇసుక బస్తా దించాం. మొదట సందులోనే, నడక వేగంతో రెండుసార్లు బ్రేకు చూశాడు. తర్వాత కాలవ గట్టు దాకా వెళ్లి, వేగం పెంచి తగ్గిస్తూ కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదిగేలా ఓ ఇరవైసార్లు మెల్లగా పట్టి వదిలాడు. అక్కణ్నుంచి ఇంటిదాకా బ్రేకు ముట్టకుండా రమ్మన్నాను. వచ్చి దిగి, ముందు నాలుగు నీటి చుక్కలు చల్లాడు. చప్పుడు లేదు. అప్పుడు వేలు ఆనించాడు.

“గోరువెచ్చగా ఉంది బాబాయ్.”